విదేశంలో ఓటీపీ రావట్లేదు, అర్జంటు

రాజోలు మాస్టారు: అందరికీ నమస్కారమండి. పొద్దుటి నుంచీ ఇదే పని. బ్యాంకు యాప్ తెరుచుకుంటుంది, డబ్బు కనిపిస్తుంది, పంపుదామంటే ఓటీపీ అడిగి అక్కడే ఆగిపోతుంది. "మళ్లీ పంపు" అన్నది నొక్కీ నొక్కీ, ఇప్పుడు 24 గంటలు ఆగమంటోంది. ఊళ్లో కాలవలకి నీళ్లు ఆపేశారు, కొబ్బరితోటలో బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్ చేసేవాడు అడ్వాన్సు పడితే గానీ విప్పనంటున్నాడు. పిందె రాలిపోతోందని నాన్న ఒకటే గొడవ. నాకేమో క్లాసులోకి ఫోన్ తీసుకెళ్లడానికి లేదు, పిల్లలతోపాటు మావీ లాకర్లో పెట్టాల్సిందే. కస్టమర్ కేర్‌కి చేస్తే "రిజిస్టర్డ్ మొబైల్ నుంచి కాల్ చేయండి" అంటారు. పనిచేయనిది ఆ మొబైలే కదండీ! తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు కుర్రాడు: ఏ దేశం? సిమ్ ప్రీపెయిడా?

రాజోలు మాస్టారు: ఇంటర్నేషనల్ స్కూల్లో మ్యాథ్స్ చెబుతానండి. సిమ్ మన ఇండియాదే.

పాలకొల్లు కుర్రాడు: దేశం అడిగాను.

భీమవరం ఆడిటర్: ఓటీపీ సంగతి తర్వాత. అది మామూలు సేవింగ్స్ అకౌంటే అయితే అసలు సమస్య అక్కడుంది. ఉద్యోగానికని దేశం దాటాక ఆ అకౌంటుని ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే అకౌంటుగా, మార్పించుకోవాలి. అక్కడి జీతం ఇక్కడికి పంపుకోవడానికి ఎన్ఆర్ఈ విడిగా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు, బ్యాంకే కోసేస్తుంది. కొబ్బరి డబ్బు వ్యవసాయ ఆదాయం కాబట్టి దాని మీద పన్ను లేదు, కానీ పడాల్సింది ఎన్ఆర్ఓలో. ఇంతకీ తోట ఎవరి పేరున ఉంది? ఎన్నారైలు కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, ఉన్నది ఉంచుకోవచ్చు.

తణుకు వెంకన్న: ఆడిటర్ గారూ, 182 రోజులు దాటితేనే కదా ఎన్నారై? మాస్టారు వెళ్లి ఎన్నాళ్లయిందో మీకెలా తెలుసు?

భీమవరం ఆడిటర్: 182 ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క. ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం, దాని లెక్క వేరు, ఉద్యోగానికి బయల్దేరినప్పటి నుంచే ప్రవాసి. ఈ రెండూ కలిపేసి చాలామంది ఇబ్బంది పడతారు.

తణుకు వెంకన్న: మా అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. బ్యాంకువాళ్లు ఏనాడూ అడగలేదు.

భీమవరం ఆడిటర్: అడగలేదంటే తప్పు లేదని కాదండి.

రాజోలు మాస్టారు: బాబూ, మోటారు! బ్యాంకాక్‌లో ఉంటానండి, పోయిన నెల వంటగ్యాస్ పోస్టులో చెప్పాను కూడా. ఇక్కడ నాలుగింటికి స్కూలు వదిలేసరికి మనకి రెండున్నర. బ్యాంకుకి ఫోన్ చేస్తే లంచ్ అంటారు, కాసేపాగి చేస్తే ఎత్తరు. సోంక్రాన్ (ఇక్కడి కొత్త సంవత్సరం) సెలవుల్లోపు రిపోర్ట్ కార్డులు పూర్తి చేయాలి, ఆ టెన్షన్ ఒకటి.

రావులపాలెం ఝాన్సీ: మాస్టారూ, ఫోన్ నంబరే మార్పించుకుంటే పోదా? దుబాయ్‌లో మా అక్క అక్కడి నంబరుతోనే యూపీఐ చేస్తుంది.

పాలకొల్లు కుర్రాడు: ఆ వెసులుబాటు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అకౌంట్లకే. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ (యూపీఐ నడిపే సంస్థ) మొదట అనుమతిచ్చిన పది దేశాల్లో యూఏఈ ఉంది, సింగపూర్ ఉంది, ఒమన్, ఖతార్ ఉన్నాయి. థాయ్‌లాండ్ లేదు. తర్వాత ఇంకొన్ని కలిపారు, యాప్‌లో చూసుకోండి. మాస్టారూ, రీచార్జ్ ఎప్పుడయింది? ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేశారా?

రాజోలు మాస్టారు: రీచార్జ్ నాన్న చూసుకుంటారు. సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి.

పాలకొల్లు కుర్రాడు: ఆ గీతలు ఏ సిమ్‌వి? అక్కడి సిమ్‌వా, మనదా? నాన్నగారిచేత ఊళ్లోనే ముందు రీచార్జ్ చేయించండి, గడువు అయిపోతే మెసేజ్ రాదు. కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయండి. ఫోన్ ఆపి తెరిచి, సిమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి, అక్కడి కంపెనీల్లో ఒక్కోటీ నొక్కి చూడండి. ఓటీపీ మెసేజ్ రావడానికి మామూలుగా చార్జీ పడదు. డేటా రోమింగ్ మాత్రం ఆపే ఉంచండి, లేదంటే బ్యాలెన్స్ ఊడ్చుకుపోతుంది. ఇంకోటి, 90 రోజులు వాడకం లేకపోతే నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అది పోతే ఆధార్ ఓటీపీ కూడా పోయినట్టే.

తణుకు వెంకన్న: ఈ గొడవంతా ఎందుకు, సిమ్ నాన్నగారి దగ్గరే ఉంచితే ఆయనే ఓటీపీ చదివి చెప్పేవారు. మా ఇంట్లో అంతే.

భీమవరం ఆడిటర్: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు నెత్తీ నోరూ బాదుకుంటుంటే మీరిలా సలహాలిస్తారా?

తణుకు వెంకన్న: తండ్రికి చెబితే తప్పేంటండీ?

అంబాజీపేట రాజు: అన్నట్టు కాయ ధర ఈ వారం కొంచెం లేచింది. పిందె రాలకుండా తడి అందించుకోండి మాస్టారూ. పక్కతోటాయన ఇంజన్ ఉంటే ఈ రెండు రోజులకీ అడిగి తెచ్చుకోమనండి.

రావులపాలెం ఝాన్సీ: మాస్టారూ, మీ స్కూల్లో ఫిజిక్స్‌కి ఖాళీలున్నాయా? నాది ఎమ్మెస్సీ, బీఈడీ. బీఈడీ అక్కడ చెల్లుతుందా, మళ్లీ ఏదైనా చదవాలా?

రాజోలు మాస్టారు: ఓటీపీ వచ్చిందండి. మోటారువాడికి వేసేశాను. థాంక్స్. స్టాఫ్ మీటింగ్ ఉంది, ఉంటాను.

పాలకొల్లు కుర్రాడు: ఏం చేస్తే వచ్చింది? రీచార్జా, రోమింగా? మిగతావాళ్లకి పనికొస్తుంది, చెప్పండి.

భీమవరం ఆడిటర్: ఎన్ఆర్ఓ ఫారం ఈ సెలవుల్లోనే పెట్టేయండి మాస్టారూ.

రావులపాలెం ఝాన్సీ: మాస్టారూ, నా బీఈడీ సంగతి?