76 మిలియన్లిచ్చి కోచ్‌ని సాగనంపారు: టెక్సాస్ ఏ అండ్ ఎంకి కలిసొచ్చిందా?

లెక్కలమాస్టారు: టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ జింబో ఫిషర్‌ని 2023 నవంబరులో సీజన్ నడుస్తుండగానే తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకి ముట్టేది సుమారు 76 మిలియన్ డాలర్లు, 2031 వరకు విడతలుగా. ఆయన ఇంకోచోట ఉద్యోగం చూసుకున్నా పైసా తగ్గదు. ఇంతా చేసి 2025 డిసెంబరులో జాతీయ టైటిల్ ప్లేఆఫ్ మొదటి రౌండు, అదీ సొంత మైదానంలో, మయామీ యూనివర్సిటీ చేతిలో 10-3తో ఓటమి. బాగుపడ్డాం అనేవాళ్ళు చెయ్యెత్తండి.

పన్నెండోవాడు: ఎత్తాను మాస్టారూ. 2022 మర్చిపోయారా? దేశంలోనే మొదటి ర్యాంకు రిక్రూటింగ్ క్లాస్, అంటే కొత్త ఆటగాళ్ళ బ్యాచ్, తెచ్చుకుని 5-7: అయిదు గెలుపులు, ఏడు ఓటములు. అపలాచియన్ స్టేట్ మన సొంత స్టేడియం కైల్ ఫీల్డ్‌కొచ్చి 17-14తో కొట్టిపోయింది. కొత్త కోచ్ మైక్ ఎల్కో వచ్చాక 2024లో 8-5, 2025లో వరసగా 11 గెలుపులు. సౌత్ కరొలైనాతో హాఫ్‌టైంకి 30-3తో వెనకబడి 31-30తో గెలిచారు. నా ముందు వరసవాళ్ళు ట్రాఫిక్ తప్పించుకుందామని హాఫ్‌టైంలోనే లేచి వెళ్ళిపోయారు, పాపం.

ఆస్టిన్_అల్లుడు: పన్నెండో ఆట ఎవరి చేతిలో ఓడారో, స్కోరెంతో కూడా చెప్పండి సార్. నేనే చెప్పనా? మా టెక్సాస్ యూనివర్సిటీ చేతిలో 27-17, మా ఆస్టిన్‌లో.

పన్నెండోవాడు: నువ్వింకా రాలేదేంటా అనుకుంటున్నా.

లెక్కలమాస్టారు: నేనడిగింది డబ్బు సంగతి. నేను చదివింది వేరే యూనివర్సిటీ. రెండో సెమిస్టర్‌లో బడ్జెట్ లేదని నా అసిస్టెంట్‌షిప్ పీకేశారు. అదే వేసవిలో స్టేడియంలో కొత్త స్కోర్‌బోర్డు లేచింది. మా నాన్న మాగాణి తాకట్టు పెట్టి ఫీజు పంపారు.

పన్నెండోవాడు: మీ కష్టాన్ని కాదనను. కానీ ఈ 76లో ఫీజుల డబ్బు లేదు. మొదటి విడత మా ఆటలకి చందాలు పోగుచేసే ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్ విరాళాల్లోంచి, మిగతాది అథ్లెటిక్స్ శాఖ రాబడిలోంచి అని అప్పుడే ప్రకటించారు.

లెక్కలమాస్టారు: విరాళానికి పన్ను రాయితీ ఉంటుందిగా. అంటే అందరి సొమ్మే.

పన్నెండోవాడు: స్టేడియంలో సీట్లు దక్కడం కోసం కట్టే విరాళానికి 2018 నుంచి రాయితీ లేదు.

లెక్కలమాస్టారు: సీటుతో సంబంధం లేనిదానికి?

పన్నెండోవాడు: ఉంది.

లెక్కలమాస్టారు: అదీ!

ఫ్రిస్కో_వదిన: మీ పన్నుల గోలలో ఒక్కమాట. ఏ అండ్ ఎం స్కోర్ చేసినప్పుడల్లా జంటలు ముద్దు పెట్టుకోవాలని అక్కడో ఆచారం. మయామీ ఆటకి మావారితో వెళ్ళాను. మావాళ్ళకి మొత్తం 3 పాయింట్లు, అదీ ఒకే దెబ్బలో.

వరంగల్_పోరడు: 1939ల గెల్చిన్రు నేషనల్ టైటిల్. మా తాత గప్పటికి పుట్టనే లేదు. కాన్ఫరెన్స్, గదే వాళ్ల లీగు, టైటిలేమో 1998. ఏటేటా గింత ఆశ యాడికెళ్లొస్తదే అన్నా?

పన్నెండోవాడు: ఆశ లేనోళ్ళు టీవీ కట్టేసుకోవచ్చు తమ్ముడూ. ఎవరూ బలవంతపెట్టలేదు.

లెక్కలమాస్టారు: అసలు మాట నేనంటాను. మీరు చదివింది రెండేళ్ళ ఎంఎస్. అప్పట్లో ల్యాబు గడప దాటలేదని, ఫుట్‌బాల్ ఓనమాలు కూడా తెలీవని ఇక్కడే ఇంకో చర్చలో రాశారు. ఇప్పుడేమో వేలికి ఏ అండ్ ఎం వాళ్ళు పెట్టుకునే ఏగీ ఉంగరం, సీజన్ టికెట్లు, ఏటా విరాళం. ఇది ఆట మీద ప్రేమ కాదు సార్. వాళ్ళలో ఒకడిననిపించుకోడానికి కడుతున్న చందా.

పన్నెండోవాడు: అవును, అయితే ఏంటంట? ఆఫీసులో నాతో క్రికెట్ మాట్లాడే మనిషి లేడు. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. స్టేడియం మూడో అంతస్తులో అందరం చేతులు పెనవేసి ఊగుతుంటే కాళ్ళకింద కాంక్రీటు కదులుతుంది. పక్కవాడి పేరు నాకు తెలీదు, నా పేరు వాడికి పలకదు. అయినా వాడి చెయ్యి నా భుజం మీదే ఉంటుంది. మీకు మీ యూనివర్సిటీ మీద కోపముంది. ఆ బిల్లు నాకు పంపకండి.

లెక్కలమాస్టారు: కోపం ఉంది, ఉంటుంది. ఆ చందా ఏదో ఫీజు కట్టలేక అవస్థపడే మనపిల్లాడికిస్తే పేరన్నా ఉంటుంది కదా అని నా బాధ.

పన్నెండోవాడు: ఇవ్వట్లేదని మీకెవరు చెప్పారు? అదీ ఇక్కడ చాటింపు వెయ్యాలా?

ఫ్రిస్కో_వదిన: ఇద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి.

ఆస్టిన్_అల్లుడు: 2026లో మా వాళ్ళతో ఆట మీ ఊరు కాలేజ్ స్టేషన్‌లోనే కదా సార్. ఓ రెండు టికెట్లు మిగిలితే చెప్పండి.

పన్నెండోవాడు: మిగిలినా నీకివ్వను.