పార్మా ఫుట్‌బాల్ టీమ్ గుర్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? (పాల కంపెనీ టీమ్)

పాతబస్తీ_గోలీ:
1998 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సెమీఫైనల్ టీవీలో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. క్రొయేషియా మీద ఫ్రాన్స్ డిఫెండర్ తురామ్ రెండు గోల్స్ కొట్టాడు. ఫ్రాన్స్ తరఫున జన్మలో అతను కొట్టింది ఆ రెండే! ఆడేది ఏ క్లబ్‌కి అని చూస్తే పార్మా. అట్లాస్ తీసి వెతికితే ఎక్కడో ఇటలీ ఉత్తరాన, మన నల్గొండ కంటే కాస్త పెద్ద ఊరు. ఆ ఊరి టీమ్‌లోనే బుఫోన్, కన్నవారో, క్రెస్పో లాంటి స్టార్లు. ఆ ఏడే వెరాన్ కూడా వచ్చి చేరాడు. నేను గల్లీలో గోల్ కీపర్‌ని, బుఫోన్ అంటే పడి చచ్చేవాణ్ని. అతను 17 ఏళ్లకే మిలాన్ మీద మొదటి మ్యాచ్ ఆడి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 1999లో మాస్కోలో యూఈఎఫ్ఏ కప్ (యూరప్ క్లబ్బుల కప్పు) ఫైనల్, ఫ్రాన్స్ క్లబ్ మార్సే మీద 3-0తో గెలుపు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఆట వదిలేశా. మొన్న మా అబ్బాయి ఫోన్ గేమ్‌లో పార్మా పేరు కనిపించింది. మధ్యలో ఏం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి. నాలాగా అప్పట్లో చూసినవాళ్లు ఉంటే మీ ముచ్చట్లు కూడా రాయండి.

కాకినాడ_కాజా:
అన్నా, మధ్యలో చాలానే జరిగింది. ముందు వెనక్కి వెళ్దాం. 1913లో పుట్టిన క్లబ్ అది. సంగీతకారుడు వెర్డి ఆ చుట్టుపక్కల పల్లెలో పుట్టినవాడే, ఆయన శతజయంతి ఏడాది కావడంతో మొదట ఆయన పేరే పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో పార్మా అయింది. తెల్ల జెర్సీ మీద నల్ల శిలువ. ఆ తర్వాత 1990 దాకా ఇటలీ టాప్ డివిజన్ సిరీ-ఎ మొహమే చూడలేదు, అంటే 77 ఏళ్లు! ఎక్కించింది నెవియో స్కాలా అనే కోచ్. ఆ సీజన్ మధ్యలోనే ప్రెసిడెంట్ చెరెసిని పోయారు, పాపం పైకెక్కడం చూడలేదు. తర్వాత పార్మలాట్ పాల కంపెనీ యజమాని కలిస్తో తాంజీ క్లబ్ కొన్నాడు. 1992లో ఇటలీ కప్, 1993లో వెంబ్లీలో కప్ విన్నర్స్ కప్, 1995లో యువెంటస్‌నే ఓడించి యూఈఎఫ్ఏ కప్. 1997లో లీగ్ రెండు పాయింట్లలో పోయింది. అప్పటి కోచ్ ఎవరనుకున్నారు? తర్వాత పెద్ద పెద్ద క్లబ్బులకి కోచ్ అయిన మన అన్చెలోట్టి.

మా ఇంట్లో కేబుల్ ఉండేది కాదు. మా మావయ్య వాళ్ల ఇంట్లో ఆదివారం రాత్రి చూసేవాణ్ని. పార్మా ఆటగాడు అస్ప్రియా గోల్ కొట్టి పల్టీ కొడితే నేనూ మంచం మీద నుంచి కొట్టా. చెయ్యి విరిగింది. సంక్రాంతి సెలవులన్నీ కట్టుతోనే.

లెక్కల_మాస్టారు:
కప్పుల సంగతి సరే, డబ్బు ఎక్కడిదో కూడా మాట్లాడుకోవాలిగా. నేను ఆడిట్ లైన్‌లో ఉన్నా. మా బ్యాచ్‌కి పార్మలాట్ ఒక పాఠం. కేమన్ దీవుల్లో ఒక అనుబంధ కంపెనీ పెట్టి, బ్యాంక్ ఆఫ్ అమెరికాలో దాని ఖాతాలో సుమారు 400 కోట్ల యూరోలు ఉన్నాయని కాగితం చూపించారు. 2003 డిసెంబరులో బ్యాంకు వాళ్లు ఆ కాగితం మాది కాదు పొమ్మన్నారు. లోగోని స్కాన్ చేసి అతికించి, అసలుదానిలా కనిపించడానికి ఫ్యాక్స్ మెషీన్లో తిప్పారట. ఆఫీసులో కూర్చుని కత్తెర, జిగురు పని! మొత్తం తవ్వితే బొక్క 1,400 కోట్ల యూరోల దాకా తేలింది.

2009 జనవరిలో సత్యం రాజుగారి ఉత్తరం బయటకొచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. అక్కడా లేని బ్యాంకు బ్యాలెన్సే, 5,040 కోట్ల రూపాయలు. ఇంకో తమాషా, అప్పటికే సత్యం 2010, 2014 ఫిఫా వరల్డ్ కప్‌ల ఐటీ పనికి ఒప్పందం చేసుకుని ఉంది.

కాబట్టి నా మాట: ఆ కప్పులన్నీ మదుపరుల డబ్బుతో కొన్నవి. ‘చిన్న ఊరి అద్భుతం’ అని మురిసిపోకండి.

పాతబస్తీ_గోలీ:
మాస్టారూ, నా చిన్నతనం మొత్తం ఒక్క పేరాలో తీసిపారేశారు 😅

శ్రీను_బెజవాడ:
మాస్టారుగారితో సగం ఒప్పుకుంటా. తాంజీ దొంగలెక్కల మనిషే. 2009లో పోలీసులు ఆయన దాచిన పికాసో, మొనె బొమ్మలు కూడా పట్టుకున్నారు. కానీ స్కాలా మొదట ఎక్కించిన జట్టు ఎక్కువగా ఉన్నవాళ్లతోనే కట్టింది. మినోట్టి, అపొల్లోని, మెల్లి. వీళ్లు పాల డబ్బుతో దిగుమతైన స్టార్లు కారు. వెంబ్లీలో కొట్టిన మూడు గోల్స్ మినోట్టి, మెల్లి, కువోగీవి. ముగ్గురూ ఇటలీ వాళ్లే.

అయినా నేను పార్మా ఫ్యాన్ అయింది 2015లో, అంతా పోయాక. క్లబ్‌ని ఒక్క యూరోకి చేతులు మార్చారు. నిజంగా ఒక్క యూరో! ఆటగాళ్లకి నెలల తరబడి జీతం లేదు, తమ బట్టలు తామే ఉతుక్కున్నారు. ఉదినేసేతో మ్యాచ్ రోజు స్టేడియంలో భద్రతా సిబ్బందికి ఇవ్వడానికి డబ్బు లేక మ్యాచే వాయిదా పడింది. అభిమానులు గేటుకి ఒక బోర్డు వేలాడదీశారు: ‘దోపిడీ కారణంగా మూసివేత’. ఆ ఫొటో చూసి పగలబడి నవ్వా, తర్వాత ఏదోలా అయింది. మార్చిలో దివాలా. ఏప్రిల్లో అదే జట్టు, జీతం లేని జట్టు, యువెంటస్‌ని 1-0తో ఓడించింది. మాస్టారూ, ఆ గెలుపు ఎవరి డబ్బుతో కొన్నారో చెప్పండి.

లెక్కల_మాస్టారు:
అది ఒప్పుకుంటా. దానికి ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కాలమ్ ఉండదు.

ఎమిలియాలో_ఓరుగల్లు:
నేను పార్మాలోనే రెండేళ్లు మాస్టర్స్ చేసిన. 2022లో వచ్చిన. అప్పుడు టీమ్ రెండో డివిజన్ సిరీ-బిలో ఉంది. బుఫోన్ మళ్లీ సొంత క్లబ్‌కి వచ్చిండని తెలిసి, రూమ్మేట్లతో కలిసి టికెట్ కొన్నం. తార్దీని స్టేడియం ఊరికి దూరంగా ఎక్కడో ఉండదు, ఇళ్ల మధ్యనే ఉంటది. పక్క బిల్డింగుల బాల్కనీల మీద బట్టలు ఆరేసి ఉంటయి. నవంబర్ పొగమంచులో అవతలి గోల్ సరిగ్గా కనపడలే. తీరా చూస్తే ఆ రోజు బుఫోన్ ఆడలేదు!

పక్క సీట్లో ఒక ముసలాయన. నా ఇటాలియన్ అంతంత మాత్రమే, అయినా ఆయన ఆగలే. దివాలా తర్వాత క్లబ్‌ని కొత్త పేరుతో నాలుగో డివిజన్ సిరీ-డి నుంచి మొదలుపెట్టారు కదా, ఆ ఏడు ఆయన కూడా సీజన్ టికెట్ కొన్నడట. తొమ్మిది వేలకు పైగా అమ్ముడుపోయినయి, ఆ డివిజన్లో ఎన్నడూ లేనన్ని. ప్రెసిడెంట్‌గా పాత స్కాలానే, కోచ్ అపొల్లోని. కెప్టెన్ లుకరెల్లి ఒక్కడే పాత జట్టు నుంచి దిగివచ్చి ఆడిండు. వాళ్లు వెళ్లే ఊళ్లలో గ్రౌండ్ పక్కన గ్యాలరీ కూడా సరిగ్గ ఉండేది కాదని, గోడ ఎక్కి చూసిన్నని చెప్పిండు. కప్పుల గురించి అడిగితే చెయ్యి ఊపి, జేబులోంచి హామ్ పెట్టిన బన్ను తీసి సగం నాకు ఇచ్చిండు. నేను తినను అంటే, ఆయనకి ఆశ్చర్యం, ‘పార్మాలో ఉండి హామ్ తినవా?’ అని.

శ్రీను_బెజవాడ:
ఆ తర్వాత 2016, 2017, 2018 వరసగా మూడు ప్రమోషన్లు. ఇటలీలో అంతకుముందు ఎవరికీ సాధ్యం కాలేదు. 2018 ఆఖరి రోజు నేను ఆఫీసులో నైట్ షిఫ్ట్. ఒక స్క్రీన్‌లో సపోర్ట్ టికెట్లు క్లోజ్ చేస్తున్నా, ఫోన్లో స్కోరు. సిరీ-ఎకి ఎక్కాలంటే పార్మా స్పెజియాలో గెలవాలి, అటు ఫ్రొసినోనే టీమ్ ఫోజ్జా మీద గెలవకూడదు. పార్మా 2-0. ఫ్రొసినోనే 2-1 ముందంజలో ఉంది, టెన్షన్ మామూలుగా లేదు. 89వ నిమిషంలో ఫోజ్జా వాడు సమం చేశాడు. నేను కుర్చీలోంచి లేచి అరిస్తే మేనేజర్ సర్వర్ డౌన్ అనుకుని పరిగెత్తుకొచ్చాడు. 40 ఏళ్ల లుకరెల్లి అక్కడితో బూట్లు విప్పేశాడు.

కాకినాడ_కాజా:
ఆ మ్యాచ్ ముందు ఒక పార్మా ఆటగాడు స్పెజియా వాళ్లకి వాట్సాప్ మెసేజ్‌లు పెట్టిన గొడవ మర్చిపోయావా? ఐదు పాయింట్లు కోసేసి, అప్పీల్‌లో మళ్లీ ఇచ్చేశారు. అన్నీ చెప్పుకోవాలి కదా.

లెక్కల_మాస్టారు:
ఇంకొకటి. పార్మలాట్‌ని 2011లో ఫ్రాన్స్ పాల కంపెనీ లాక్టాలిస్ కొనేసింది. అదే లాక్టాలిస్ 2014లో మన తిరుమల మిల్క్‌ని కూడా కొంది. పొద్దున్నే మీ ఇంటి గుమ్మంలో తిరుమల ప్యాకెట్ ఉంటే, గోలీ గారూ, పార్మాకి మీరు దూరపు చుట్టమే.

పాతబస్తీ_గోలీ:
మా ఇంట్లో గేదె పాలు మాస్టారూ. పాలాయన రాజయ్య, క్యాన్‌తో తెస్తాడు. నీళ్లు కలిపినా మొహం మీదే ఒప్పుకుంటాడు 😀

ఓరుగల్లు తమ్ముడూ, ఒక్క సాయం. మావాడికి జెర్సీ కావాలి. 2024లో సిరీ-బి గెలిచి మళ్లీ పైకొచ్చారని ఇప్పుడే చూశా. పసుపు-నీలం గీతలది తీసుకోనా, శిలువదా?

ఎమిలియాలో_ఓరుగల్లు:
శిలువదే తీసుకో అన్నా. గీతలది నీకు, 1999ది. రెండూ ఒకే సైజు రావు, ఇటలీ సైజులు మనకి ఒకటి చిన్నగ ఉంటయి, చూసుకో.