లెక్క సరిగ్గానే ఉంది, అయినా క్రోషే మ్యాట్ గిన్నెలా పైకి లేస్తోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. వరుస చివర తిప్పి వెనక్కి అల్లుకుంటూ పోయే పని బాగానే వచ్చింది. గుండ్రంగా అల్లడం ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక పుస్తకంలోని టేబుల్ మ్యాట్ నమూనా చూసి అల్లుతున్నాను. 4 మిల్లీమీటర్ల హుక్కు, అక్రిలిక్ ఊలు.

నమూనా ఇలా ఉంది. మ్యాజిక్ రింగులో, అంటే కొస లాగితే బిగుసుకునే దారపు రింగులో, 6 డబుల్ క్రోషేలు. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి, మొత్తం 12. మూడో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, పక్కదానిలో రెండు, మొత్తం 18. అలా చుట్టుకు ఆరు చొప్పున పెరుగుతూ 60 దాకా వెళ్లాలి. ప్రతి చుట్టు మొదట్లో 1 గొలుసు, చివర్లో ఎత్తులేని చిన్న కుట్టైన స్లిప్ స్టిచ్‌తో కలపాలి.

నేను ప్రతి చుట్టూ లెక్కపెడుతున్నాను. 24 రావలసిన చోట 24, 30 రావలసిన చోట 30 వస్తున్నాయి. అయినా నాలుగో చుట్టుకే అంచు పైకి లేస్తోంది, ఐదో చుట్టుకు పూర్తిగా గిన్నె అయిపోతోంది. చేత్తో నొక్కితే ఒక క్షణం పరుచుకుని మళ్లీ లేస్తుంది. మొత్తం అల్లేశాక ఇస్త్రీ చేస్తే సరిపోతుందా? లేక విప్పేయాలా? పుస్తకంలోని బొమ్మలో మ్యాట్ బల్ల మీద చదునుగా పడి ఉంది.

జవాబు 1

చేయి బిగువుగా ఉంటే ఇలా అవుతుందండి. 5 మిల్లీమీటర్ల హుక్కుతో ప్రయత్నించి చూడండి. ఒకసారి స్లిప్ స్టిచ్ కూడా గమనించండి. చుట్టు కలిపిన స్లిప్ స్టిచ్‌ను కుట్టు అనుకుని అందులో అల్లేవారు చాలామంది ఉంటారు. దాన్ని లెక్కలో కలపకూడదు.

జవాబు 2

హుక్కు మార్చే ముందు ఒక్క విషయం చెప్పండి. హుక్కును కుట్టులోకి గుచ్చడానికి ముందే దారాన్ని ఒకసారి హుక్కుకు చుట్టుకుంటున్నారా? గుచ్చి లాగాక హుక్కు మీద మూడు లూపులు ఉంటున్నాయా?

అవునంటే మీ చేతిలోనూ, లెక్కలోనూ ఏ లోపమూ లేదు. మీ పుస్తకం బ్రిటిష్ పద్ధతిలో రాసినది, మీరు నేర్చుకున్నది అమెరికన్ పద్ధతిలో. బ్రిటిష్ నమూనాలో డబుల్ క్రోషే అని ఉంటే అది అమెరికన్ సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు. గుచ్చి, దారం లాగి, హుక్కు మీద రెండు లూపులు ఉండగా దారం చుట్టి రెండింటిలోంచీ ఒకేసారి తీస్తే అయిపోయింది.

నాకు అనుమానం వచ్చింది మీరు రాసిన '1 గొలుసు' దగ్గర. చుట్టు మొదట్లో వేసే గొలుసు ఆ చుట్టు కుట్లంత ఎత్తు ఉండాలి. పొట్టి కుట్టుకు ఒక గొలుసు చాలు, మీరు వేస్తున్న పొడుగు కుట్టుకు, అంటే అమెరికన్ డబుల్ క్రోషేకు, మూడు కావాలి. నమూనా ఒకటే వేయమంటోందంటే అది పొట్టి కుట్టు గురించే చెబుతోంది. ఏ దేశం పుస్తకమో రాయకపోయినా ఈ గొలుసుల సంఖ్య చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. మొదటి చుట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఆరు కుట్ల మధ్య కిటికీల్లాంటి ఖాళీలు కనిపిస్తుంటే అవి పొడుగు కుట్లే.

గిన్నె ఎందుకవుతుందో కూడా చెప్పాలి. కొత్తవాళ్లకు అందరూ 'ఆరు' అని అంకె చెప్పి వదిలేస్తారు, ఎందుకో చెప్పరు. అది తెలిస్తే నమూనా లేకుండానే వృత్తం అల్లవచ్చు.

మీ కుట్టు వెడల్పు 5 మిల్లీమీటర్లు, ఎత్తూ 5 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టు వేస్తే వృత్తం వ్యాసార్థం 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు చుట్టుకొలత 2 × 3.14 × 5, అంటే సుమారు 31 మిల్లీమీటర్లు పెరగాలి. అందులో 5 మిల్లీమీటర్ల కుట్లు ఎన్ని పడతాయి? ఆరు. ఆ ఆరు అక్కడి నుంచి వచ్చింది. ఇప్పుడు వెడల్పు అంతే ఉండి ఎత్తు రెట్టింపైన కుట్టు తీసుకోండి. ఒక్కో చుట్టుకు చుట్టుకొలత 63 మిల్లీమీటర్లు పెరగాలి, అంటే పన్నెండు కుట్లు. మీరు అంత ఎత్తు కుట్లు వేస్తూ ఆరే పెంచుతున్నారు. కావలసిన పొడవు అంచుకు లేదు కాబట్టి అది లోపలికి లాగుకుని పైకి లేస్తోంది. పెద్ద హుక్కు వేస్తే కుట్టు వెడల్పుతో పాటు ఎత్తూ పెరుగుతుంది, కాబట్టి ఈ తేడా అలాగే ఉంటుంది.

అందుకే అమెరికన్ పేర్లలో చెబితే సింగిల్ క్రోషేకు ఆరు, డబుల్ క్రోషేకు పన్నెండు, మధ్య ఎత్తున్న హాఫ్ డబుల్‌కు ఎనిమిది నుంచి పది వరకు. రింగులో ఎన్నింటితో మొదలుపెడితే ప్రతి చుట్టుకూ అన్నే పెంచాలి.

ఇస్త్రీ మాత్రం వద్దండి. లేని కుట్లను ఇస్త్రీ తెచ్చి పెట్టలేదు. పైగా అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే పోగు మెత్తబడి జీవం పోతుంది, ఆ సాగే గుణం ఇక తిరిగి రాదు. విప్పేయండి. ఊలు ఎక్కడికీ పోదు.

ప్రశ్న అడిగినవారు

అవునండి, మూడు లూపులే! పుస్తకం చివరి పేజీలో కుట్ల పట్టిక ఉంది, ఇప్పుడే చూశాను. మీరు చెప్పినట్టే డబుల్ క్రోషే దగ్గర రెండు లూపుల బొమ్మ వేసి ఉంది. విప్పి పొట్టి కుట్లతో మళ్లీ అల్లాను, ఎనిమిదో చుట్టు దాకా బల్లకు అంటుకుని ఉంది. చాలా సంతోషంగా ఉంది.

ఇంకో రెండు సందేహాలు. అంచు గుండ్రంగా కాకుండా ఆరు మూలలు తేలుతున్నాయి. చుట్లు కలిపిన చోట ఒక గీత ఏర్పడి మెల్లగా పక్కకు జరుగుతోంది. ఇవి మామూలేనా?

జవాబు 2 ఇచ్చినవారు

రెండూ మామూలే, రెండింటికీ ఉపాయం ఉంది.

మూలలు ఎందుకంటే, ప్రతి చుట్టులోనూ పెంపు, అంటే ఒకే కుట్టులో రెండు వేయడం, సరిగ్గా కింది పెంపు మీదే పడుతోంది. ఆరు చోట్లా ఒకదాని మీద ఒకటి పేరుకుని కోణాలవుతాయి. చుట్టు విడిచి చుట్టు పెంపును పక్కకు జరపండి. ఉదాహరణకు 24 కుట్ల చుట్టును 'రెండు మామూలు, ఒక పెంపు' అని ఆరుసార్లు వేసే బదులు, ముందు ఒక మామూలు, ఒక పెంపు వేయండి. తరువాత 'రెండు మామూలు, ఒక పెంపు' ఐదుసార్లు, చివర ఒక మామూలు. లెక్క 24కే వస్తుంది, పెంపులు మాత్రం మూలల నుంచి తప్పుకుంటాయి.

గీత సంగతి. క్రోషే కుట్టు కింది కుట్టు మీద నిట్టనిలువుగా కూర్చోదు, కొద్దిగా పక్కకు ఉంటుంది. అందుకే అతుకు జరుగుతుంది. అది నచ్చకపోతే చుట్లు కలపకుండా సుడిలా అల్లుకుంటూ పోండి. గొలుసూ వద్దు, స్లిప్ స్టిచ్చూ వద్దు. ఒక చుట్టు చివరి కుట్టు అవగానే తరువాతి చుట్టును దాని మొదటి కుట్టులో నేరుగా మొదలుపెట్టాలి. కాకపోతే చుట్టు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. మొదటి కుట్టు వేసిన వెంటనే దాని తలలో మార్కర్ తగిలించండి. చుట్టు తిరిగి అక్కడికి వచ్చాక మార్కర్ తీసి, ఆ కుట్టులో అల్లి, కొత్త కుట్టుకు తగిలించండి. మార్కర్ లేకపోతే వేరే రంగు దారం ముక్క చాలు. మీరు గుండ్రటి అల్లికలో ఒక్క అలవాటే చేసుకుంటానంటే ఇదే చేసుకోండి. ముగింపులో మెట్టులా కనిపించకుండా చివర రెండు స్లిప్ స్టిచ్‌లు వేసి దారం తెంచితే అంచు నునుపుగా దిగుతుంది.

మ్యాజిక్ రింగు దారం కొసను కూడా మరిచిపోవద్దు. రింగు చుట్టూ ఒక దిశలో సూదితో దూర్చి, తిరిగి ఎదురు దిశలో దూర్చాకే కత్తిరించండి. లేకపోతే ఉతికేటప్పుడు మధ్యలో రంధ్రం తెరుచుకుంటుంది.

జవాబు 3

నాది మీకు ఎదురు సమస్య. పొడుగు కుట్లతో చుట్టుకు పదహారు పెంచాను, అంచంతా కుచ్చిళ్లు వచ్చాయి. పైన చెప్పిన లెక్క చూశాక కారణం అర్థమైంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఏమైనా మారుతుందా?

జవాబు 2 ఇచ్చినవారు

లెక్క మారదు, దిశ మారుతుంది. అల్లిక మంచి వైపు మీకు ఎదురుగా ఉన్నప్పుడు కుడిచేతి వాటం వారి చుట్టు గడియారం ముల్లుకు వ్యతిరేకంగా వెళుతుంది, మీది ముల్లు దిశలో వెళుతుంది. మంచి వైపున వరసగా చిన్న V ఆకారాలు కనిపిస్తాయి, వెనక అడ్డ గీతలుంటాయి.

కుచ్చిళ్లను తక్కువగా చూడవద్దు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా తైమినా 1997లో సరిగ్గా ఇలాగే, కావాలని అదనపు కుట్లు పెంచుతూ హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచుకు పోయేకొద్దీ చదునుగా పట్టక అలలు తిరిగే ఉపరితలాన్ని, క్రోషేలో అల్లారు. కాగితంతో చేస్తే తేలికగా చిరిగిపోయే ఆకారాన్ని విద్యార్థులు చేత్తో పట్టుకుని మడిచి చూడగలిగారు. మనం అల్లే ప్రతి అంచులోనూ ఆ గణితం ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

జవాబు 4

ఇదే పద్ధతిలో టోపీ అల్లాలంటే పెంపులు ఎప్పుడు ఆపాలి?

జవాబు 2 ఇచ్చినవారు

తల చుట్టుకొలత తీసుకుని, ఊలు సాగుతుంది కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి, 3.14తో భాగించండి. తల 56 సెంటీమీటర్లయితే 54ను భాగించాలి, సుమారు 17 వస్తుంది. చదునైన వృత్తం అడ్డంగా 17 సెంటీమీటర్లు రాగానే పెంపులు పూర్తిగా ఆపేసి కుట్టుకు ఒకటే వేస్తూ పోండి. ఇప్పటిదాకా వద్దనుకున్న గిన్నె ఇక్కడ కావాలి, దానంతట అదే కిందికి వంగుతుంది. కొలిచేటప్పుడు అల్లికను లాగి పట్టుకోకండి, బల్ల మీద వదిలేసి కొలవండి.