‘ఊపిరిని బట్టి’, ‘ఊపిరి బిగబట్టి’

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి శ్వాసతో సమయం కలిపి ఇచ్చే రేడియేషన్‌ని తెలుగులో ఏమనాలని పొద్దున ఒకరు అడిగారు. ‘శ్వాసానుగుణ వికిరణ చికిత్స’ అని ఒక సూచన వచ్చింది. వ్యాకరణానికి తప్పు లేదు. కానీ అది చికిత్స చేయించుకునే మనిషికి అందే మాట కాదు.

ఊపిరితో పాటు కణితి కూడా కదులుతుంది. ఊపిరితిత్తి పైభాగంలో ఉంటే పెద్దగా కదలదు గానీ, డయాఫ్రమ్‌కి (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) దగ్గర్లో ఉంటే సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కదలొచ్చు. ఆ మేరంతా రేడియేషన్ పెడితే చుట్టూ ఉన్న మంచి కణజాలానికీ దెబ్బే. అందుకే ముందు 4డి సీటీ (ఊపిరి దశలన్నిటిలో కణితి స్థానాన్ని చూపే స్కాన్) తీసి కదలిక ఎంతో చూసుకుంటారు.

ఆ తర్వాత ఒక పద్ధతి గేటింగ్. రోగి మామూలుగానే ఊపిరి తీసుకుంటుంటే పొట్టమీది కదలికను కెమెరా గమనిస్తుంది. ఎంచుకున్న దశ వస్తేనే కిరణం వెలువడుతుంది. చాలాసార్లు ఆ దశ గాలి పూర్తిగా వదిలాక వచ్చే చిన్న విరామం, కణితి కాస్త ఎక్కువసేపు నిలకడగా ఉండేది అప్పుడే. ఇంకో పద్ధతిలో రోగి నిండా గాలి పీల్చి సుమారు 20 సెకన్లు పట్టి ఉంచుతాడు, ఆలోపే కిరణం.

మొదటిది ‘ఊపిరిని బట్టి రేడియేషన్’, రెండోది ‘ఊపిరి బిగబట్టి రేడియేషన్’ అంటే సరిపోదా? రెండింటిలోనూ ఉన్నది ‘పట్టు’ అనే క్రియే. ముందు మాట చివర దాగి ఉన్న నకారం (ద్రుతం) వల్ల పకారం బకారమైంది. పాత రాతల్లో ‘బిగఁబట్టి’ అని అరసున్న కూడా ఉండేది. ఒకచోట యంత్రం ఊపిరి వెంట నడుస్తుంది, ఇంకోచోట ఊపిరే యంత్రం కోసం ఆగుతుంది. ఇంత తేడాను ఒక్క క్రియ మోయడం నాకు ఎంతో నచ్చింది.

రోగితో చెప్పే మాట దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. నాన్నకి చికిత్స జరిగినప్పుడు స్పీకర్లోంచి ‘ఊపిరి ఆపండి’ అని వినిపించేది. ‘ఆ మాట వింటేనే టెన్షన్‌రా’ అనేవారు నాన్న. ఊపిరి ఆగడం, ఊపిరి వదలడం, ఊపిరి తీయడం, మన భాషలో ఇవన్నీ చావు వైపు తిరిగే మాటలే. ‘గాలి’కి ఆ బరువు లేదు. ‘మెల్లగా గాలి పీల్చండి, అలాగే పట్టి ఉంచండి, ఇక వదిలేయండి’ అంటే చాలు. ఉచ్ఛ్వాస, నిశ్వాసలు అక్కడ అసలు వద్దు, ఏది లోపలికో ఏది బయటికో చదువుకున్నవాళ్లే తడబడతారు.

‘దమ్ము పట్టు’ అనేవాళ్లు కూడా ఉన్నారు కదా, మీ ఇళ్లలో పెద్దవాళ్లకి ఏ మాట తేలిగ్గా అందుతుందో చెప్పండి.