పాలకూరా, బ్రకోలీయా: ఏది ఎక్కువ బలం?

నీలిమేఘం:
రక్తపరీక్షలో నాకు హిమోగ్లోబిన్ తక్కువని తేలింది. అప్పటి నుంచి ఇంట్లో ఇదే వాదన. మా అక్క "పాలకూర తిను, ఐరన్ అందులోనే ఉంది" అంటుంది. మా ఆయనేమో "బ్రకోలీ ముందు అది ఎందుకూ పనికిరాదు" అంటారు. ఇద్దరూ పట్టికలు చూపిస్తున్నారు, ఆ అంకెలు ఒకదానికొకటి పొసగడం లేదు. ఒక పట్టికలో పాలకూర ఐరన్ బ్రకోలీకి నాలుగింతలు, ఇంకోదాంట్లో రెండూ దాదాపు సమానం. నిజం ఏది?

కొలతబద్ద:
పాలకూరే, సందేహం లేదు. 100 గ్రాముల పచ్చి ఆకులో ఐరన్ 2.7 మి.గ్రా., బ్రకోలీలో 0.7. కాల్షియం 99కి 47. మెగ్నీషియం 79కి 21. ఫోలేట్ 194 మైక్రోగ్రాములకి 63. విటమిన్ కె నాలుగింతల పైనే. విటమిన్ ఎ దగ్గర పోలికే లేదు. ఇంతా 23 కేలరీలకే, బ్రకోలీకి 34. ఒక్క విటమిన్ సి మాత్రం బ్రకోలీలో 89 మి.గ్రా., పాలకూరలో 28. ఆ ఒక్కటీ చూసి బ్రకోలీని నెత్తిన పెట్టుకోవడం నాకు నచ్చదు.

వానచినుకు:
పాలకూర ఐరన్ లెక్కే తప్పండీ. ఎప్పుడో ఒక శాస్త్రవేత్త దశాంశ బిందువు ఒక స్థానం పక్కన పెట్టడంతో పదింతలుగా అచ్చయిందట. అందరూ ఇప్పటికీ అదే నమ్ముతున్నారు.

నిదానం:
వానచినుకు గారూ, ఆ దశాంశం కథే నిలబడలేదు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టి.జె. హాంబ్లిన్ రాసిన వ్యాసంతో అది బాగా పాకింది. మైక్ సటన్ అనే పరిశోధకుడు మూలం వెతుక్కుంటూ వెళ్తే అలాంటి పొరపాటు జరిగిందనడానికి ఆధారం దొరకలేదని 2010లో రాశారు. పాలకూరలో 91 శాతం నీరే. ఎండబెట్టిన ఆకు లెక్కను పచ్చి ఆకుకి అంటగడితే, ఏ దశాంశమూ జరగకుండానే పదింతలు కనిపిస్తుంది. కొలతబద్ద గారు ఇచ్చిన 2.7 పచ్చి ఆకు లెక్కే, సరైనదే.

నా అభ్యంతరం వేరే. పట్టిక చెప్పేది ఆకులో ఎంత ఉందో. మనకి కావలసింది ఒంటికి ఎంత పడుతుందో. కాల్షియమే తీసుకోండి. పాలకూరలో ఆక్సలేట్ అనే సహజ పదార్థం చాలా ఎక్కువ. అది తిన్నాక పళ్ళ మీద నాలుక తిప్పితే సుద్ద పూసినట్టు గరగరలాడుతుంది చూశారా, దానికి కారణం ఇదే. ఈ ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుని వదలదు. కాబట్టి పాలకూర కాల్షియంలో ఒంటపట్టేది 5 శాతం దగ్గర. బ్రకోలీలో ఆక్సలేట్ తక్కువ, అందుకే 60 శాతం దాకా పడుతుంది. లెక్క కట్టండి: పాలకూర 99లో దక్కేది 5 మి.గ్రా., బ్రకోలీ 47లో దక్కేది 28. పట్టికలో రెట్టింపుతో గెలిచింది, లోపలికి వెళ్ళాక అయిదింతలకి పైగా తేడాతో ఓడిపోయింది.

నీలిమేఘం గారి అంకెలు పొసగకపోవడానికి కారణం కొలత. ఒక పట్టిక గ్రాముల్లో ఉంటుంది, ఇంకోటి కప్పుల్లో. కప్పు పచ్చి పాలకూర తూకం 30 గ్రాములే, బ్రకోలీ ముక్కలైతే 90. అందుకే కప్పుల లెక్కలో ఐరన్ దాదాపు సమానమవుతుంది, విటమిన్ సి పదింతలు బ్రకోలీ వైపు వెళ్తుంది. పాలకూర ఉడికాక కథ మళ్ళీ తిరగబడుతుంది: అదే కప్పులో 180 గ్రాములు పడుతుంది, ఐరన్ 6 మి.గ్రా. దాటుతుంది. మీ అక్కగారు, మీవారు ఇద్దరూ తప్పు చెప్పలేదు, వేర్వేరు గిన్నెలతో కొలిచారంతే.

కొలతబద్ద:
కాల్షియం విషయం ఒప్పుకుంటున్నా. అయినా ఆమె అడిగింది రక్తం గురించి. పైగా ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తే ఆక్సలేట్ చాలా భాగం పోతుంది కదా?

నిదానం:
నీళ్ళలో పోయేది కరిగే ఆక్సలేట్. కాల్షియంతో అప్పటికే ముడిపడింది ఆకులోనే ఉండిపోతుంది. ఆ నీళ్ళతో పాటు విటమిన్ సి, ఫోలేట్ కూడా పోతాయి.

రక్తం సంగతికి వస్తే, ఆకుకూరల్లోని ఐరన్ మాంసంలోని ఐరన్ అంత తేలిగ్గా ఒంటపట్టదు. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. అంటే పాలకూర పక్కన బ్రకోలీ ఉంటే దీని ఐరన్‌కి దాని విటమిన్ సి తోడవుతుంది. అలాగని హిమోగ్లోబిన్ నిజంగా పడిపోతే ఆకుకూర మీదే ఆధారపడకండి. అమెరికా ప్రమాణం ప్రకారం 19 నుంచి 50 ఏళ్ళ ఆడవాళ్ళకి రోజుకి 18 మి.గ్రా. ఐరన్ కావాలి. అదంతా పాలకూర నుంచే రావాలంటే దాదాపు 670 గ్రాముల పచ్చి ఆకు తినాలి, అదీ రోజూ! డాక్టర్ రాసిన మాత్ర మానొద్దు, దయచేసి.

పెరటిమొక్క:
నా అనుభవం చెప్తాను. మూడేళ్ళ క్రితం బరువు తగ్గాలని రోజూ పొద్దున్నే పచ్చి పాలకూర రసం పెద్ద గ్లాసు తాగేదాన్ని. ఏడాదికి కిడ్నీలో రాయి. కాల్షియం ఆక్సలేట్ రాయని తేలింది. రసం వల్లే అని డాక్టర్ తేల్చి చెప్పలేదు, కానీ మొదట మానిపించింది దాన్నే. ఆ నొప్పి ఇప్పటికీ గుర్తొస్తే వణుకు. రాళ్ళ చరిత్ర ఉన్నవాళ్ళకి మాత్రం బ్రకోలీయే మేలని గట్టిగా చెప్తాను. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు కూడా జాగ్రత్త. రెండిట్లోనూ విటమిన్ కె ఉంది, ఒక వారం బాగా తిని ఇంకో వారం పూర్తిగా మానేస్తే మందు మోతాదు లెక్క తప్పుతుంది.

వానచినుకు:
నిదానం గారూ, దశాంశం సంగతి తెలియదు, థాంక్స్. బ్రకోలీని ఎలా వండితే నష్టం తక్కువ?

నిదానం:
నీళ్ళలో మరిగించకుండా ఆవిరి మీద కొద్ది నిమిషాలు, రంగు పచ్చగా మెరుస్తుండగానే దించేయండి. తరిగాక వెంటనే వేడి చేయొద్దు, ఓ అరగంట పైన అలా వదిలేయండి. కత్తి పడి కణాలు చితికినప్పుడే మైరోసినేస్ అనే ఎంజైమ్ పని మొదలుపెట్టి సల్ఫోరాఫేన్ అనే మేలుచేసే పదార్థాన్ని తయారుచేస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పాలకూరలో ఈ పదార్థం లేదు.

నీలిమేఘం:
నిన్న తూకం వేసి చూశాను. 200 గ్రాముల పాలకూర పెద్ద గిన్నె నిండి పైకి పొంగింది, మూత కూడా పడలేదు. మూడు నిమిషాల్లో గుప్పెడైంది. 200 గ్రాముల బ్రకోలీ మాత్రం ఉడికాక కూడా అంతే ఉంది. ఇన్నాళ్ళూ నేను "రోజూ పాలకూర తింటున్నా" అనుకున్నది నాలుగు ఆకులేనని అప్పుడు తెలిసింది. ఇద్దరికీ గిన్నె చూపించాను. మాత్రలు మానను, నిజంగా.

కొలతబద్ద:
కంటికి మేలు చేసే లూటీన్, జియాజాంథిన్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. 100 గ్రాముల పాలకూరలో అవి రెండూ కలిపి 12 మి.గ్రా., బ్రకోలీలో 1.4. కొంచెం నూనెతో తింటే ఇంకా బాగా ఒంటపడతాయి. నా ఓటు ఇప్పటికీ పాలకూరకే.