కురుసుర ముందు ఇంకా ఐఎన్ఎస్ ఎందుకు?

బీచ్‌రోడ్ బాబ్జీ:
వైజాగ్‌తో సంబంధం ఉన్న యుద్ధనౌకలన్నిటికీ తెలుగులో ఒక జాబితా రాస్తున్నాను. మొదటి పేరు దగ్గరే గొడవ మొదలైంది. ఆర్కే బీచ్‌లో ఉన్న సబ్‌మెరైన్‌ని ‘ఐఎన్ఎస్ కురుసుర’ అనాలా, ఉత్త ‘కురుసుర’ అనాలా? నా మట్టుకు ఐఎన్ఎస్ తీసేయాలి. అది 1969 డిసెంబర్ 18న నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న డీకమిషన్ అయింది, అంటే నేవీ సర్వీసు నుంచి అధికారికంగా తప్పించారు, 2002 నుంచి మ్యూజియం. ఐఎన్ఎస్ అంటే ఇండియన్ నేవల్ షిప్ కదా, అంటే ఈ ఓడ ఇప్పుడు కమిషన్‌లో ఉంది అని చెప్పే గుర్తు. కమిషన్ పోయాక గుర్తు మాత్రం ఎందుకుండాలి? అమెరికా వాళ్లకి ఈ విషయంలో గందరగోళం లేదు. 1907లో ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్వెల్ట్ ఉత్తర్వు ఇచ్చి యూఎస్ఎస్ (యునైటెడ్ స్టేట్స్ షిప్) అనేదాన్ని ఖాయం చేశాడు. వాళ్ల పద్ధతిలో ఓడ కమిషన్‌లో ఉన్నంతకాలమే ఆ మూడక్షరాలు, అంతకు ముందూ లేవు, తర్వాతా లేవు. మీరేమంటారు?

మల్కాపురం మావయ్య:
ఒప్పుకోను. డాక్‌యార్డ్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నాను, ఆ పడవని ఐఎన్ఎస్ లేకుండా మాలో ఎవడూ పిలవలేదు, ఇప్పుడూ పిలవడు. అయినా కల్నల్‌గారు రిటైరైతే మర్నాటి నుంచి ఆయన్ని ‘ఏవండీ సుబ్బారావుగారూ’ అంటున్నామా? కల్నల్‌గారు కల్నల్‌గారే. పైగా కురుసుర సంగతి మామూలు డీకమిషన్ ఓడల లాంటిది కూడా కాదు. ఓడ మొత్తం జెండాలతో అలంకరించే ‘డ్రెసింగ్ షిప్’ గౌరవం మామూలుగా సర్వీసులో ఉన్న ఓడలకే ఇస్తారు, రిటైరైనా కురుసురకి అది దక్కుతోంది. నేవీయే అంత మర్యాద చేస్తుంటే మధ్యలో నువ్వెవరు బాబూ అక్షరాలు కోసెయ్యడానికి?

బీచ్‌రోడ్ బాబ్జీ:
మావయ్యా, కల్నల్‌గారు ఒక్కరే మనిషి. రిటైరయ్యాక ఆయన పేరు ఇంకో ఆఫీసరుకి పెట్టరు. ఓడలకి పెడతారు, చిక్కంతా అక్కడే. 1971లో వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ కథలో వచ్చే ఐఎన్ఎస్ రాజ్‌పుత్ రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ డిస్ట్రాయర్, పాత పేరు రోథర్‌హామ్, మన దగ్గర దాని నంబరు డి141. 1980లో కమిషన్ అయి 2021 మే 21న ఇక్కడే వైజాగ్‌లో వీడ్కోలు తీసుకున్న ఐఎన్ఎస్ రాజ్‌పుత్ సోవియట్‌లో కట్టింది, డి51. రెండూ ఐఎన్ఎస్సే, రెండూ రాజ్‌పుతే, రెండూ డిస్ట్రాయర్లే. ‘గాజీని ముంచిన రాజ్‌పుత్‌కి వైజాగ్‌లో వీడ్కోలు’ అని ఎవరైనా రాస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది? విమానవాహక నౌక విక్రాంత్ ఇంకా ఘోరం, పాతదానికీ ఆర్11, 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో కమిషనైన కొత్తదానికీ ఆర్11. అక్కడ నంబరు కూడా మనల్ని కాపాడదు, ఏడాది రాస్తేనే గతి.

గాజువాక గురూ:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఐఎన్ఎస్‌కి అసలు ఓడే అక్కర్లేదు. మన ఊళ్లోనే చూడండి, ఐఎన్ఎస్ సర్కార్స్ నేల మీద ఉన్న బేస్, ఐఎన్ఎస్ డేగా ఎయిర్‌పోర్ట్ పక్కనున్న నేవీ విమానాల స్టేషన్, ఐఎన్ఎస్ కళింగ భీమిలి రోడ్డు మీద. ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి అయితే ఆస్పత్రి, దాని పొడుగు పేరు ఇండియన్ నేవల్ హాస్పిటల్ షిప్. గోడలూ, ఓపీ క్యూ అన్నీ ఉన్న షిప్ అన్నమాట. ఇది బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన అలవాటు. వాళ్ల నేవీ క్రమశిక్షణ చట్టం కింద మనిషి ఏదో ఒక ఓడ రిజిస్టర్‌లో ఉండాలి, అందుకని ఒడ్డున ఉన్న బారక్స్‌కి కూడా ఓడ పేరు పెట్టి కమిషన్ చేసేవారు, వాటిని సరదాగా ‘రాతి ఫ్రిగేట్లు’ అనేవారు. కాబట్టి బాబ్జీ చెప్పిన దాంట్లో సగం నిజం, ఆ అక్షరాలు కమిషన్‌కి గుర్తు, నీళ్లకి కాదు. కురుసుర ఇసకలోకి వచ్చినందుకు ఐఎన్ఎస్ పోలేదు. బ్రిటన్‌లో విక్టరీ అనే పాత యుద్ధనౌక 1922 నుంచి డ్రై డాక్‌లోనే కూర్చుంది, అయినా హెచ్ఎంఎస్సే (హిజ్ మెజెస్టీస్ షిప్, వాళ్ల ఐఎన్ఎస్ లాంటిది), ఎందుకంటే దాన్ని ఇంతవరకూ డీకమిషన్ చెయ్యలేదు.

మల్కాపురం మావయ్య:
చూశావా, విక్టరీకి ఉంచారు కదా!

గాజువాక గురూ:
ఉంచింది కమిషన్‌లో ఉంది కాబట్టి మాస్టారూ. కురుసురకి డీకమిషనింగ్ అయిపోయింది. జెండాలు కట్టడం గౌరవం, కమిషన్ ఇవ్వడం వేరే పని.

సింధియా జంక్షన్:
నాకు ఈ చర్చలో ఐఎన్ఎస్ కంటే ‘ఏ తేదీన’ అన్నదే పెద్ద ప్రశ్న. ఒక్క ఓడ కథ చెప్తాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. 1939 డిసెంబర్ 13న దక్షిణ అమెరికా పక్కన రివర్ ప్లేట్ యుద్ధంలో మూడు క్రూయిజర్లు జర్మన్ ఓడ గ్రాఫ్ స్పేని తరుముకుపోయాయి, వాటిలో ఒకటి అఖిలీస్. చాలా పుస్తకాల్లో దాన్ని హెచ్ఎంఎన్‌జెడ్ఎస్ అఖిలీస్ అని, అంటే న్యూజిలాండ్ ఓడ అని రాస్తారు. సిబ్బందిలో న్యూజిలాండ్ వాళ్లు బోలెడు మంది ఉన్న మాట నిజమే, కానీ రాయల్ న్యూజిలాండ్ నేవీ ఏర్పడిందే 1941 అక్టోబర్‌లో, యుద్ధం రోజున అది హెచ్ఎంఎస్సే. 1948లో అదే ఓడని మనం తీసుకున్నాం, హెచ్ఎంఐఎస్ (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) ఢిల్లీ అయింది. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చాక ‘హిజ్ మెజెస్టీ’ పోయి ఐఎన్ఎస్ ఢిల్లీ అయింది. 1978లో రిటైరైంది. ఒకే ఇనుము, నాలుగు రకాల అక్షరాలు, ఏదీ తప్పు కాదు, కానీ తేదీ మారితే అన్నీ తప్పే. అందుకని ‘ఐఎన్ఎస్ ఢిల్లీ గ్రాఫ్ స్పేతో పోరాడింది’ అని దేశభక్తితో రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

ఇంకొకటి, ఆ గ్రాఫ్ స్పే ముందు కొందరు కేఎంఎస్ అని తగిలిస్తారు. జర్మన్లు రెండో యుద్ధంలో అలాంటిదేం వాడలేదు. మొదటి యుద్ధంలో కైజర్ (జర్మన్ చక్రవర్తి) ఓడలకి ఎస్ఎంఎస్ ఉండేది, కైజర్ పోయాక అదీ పోయింది. హెచ్ఎంఎస్‌కి జోడీగా ఉంటుందని తర్వాత ఇంగ్లీషులో రాసేవాళ్లు పుట్టించిన అక్షరాలవి. ఎక్కడైనా జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ పేరు వస్తే దాని ముందు కూడా ఏమీ పెట్టొద్దు, ఉత్త బిస్మార్క్ చాలు.

ఉక్కునగరం ఉష:
గ్రాఫ్ స్పే మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అన్నిచోట్లా ‘పాకెట్ బాటిల్‌షిప్’ అనే చదివాను. అది ఏ రకం కింద వస్తుంది?

సింధియా జంక్షన్:
ఉష గారూ, ఆ మాట బ్రిటిష్ పత్రికలది. జర్మన్లు దాన్ని పంజర్‌షిఫ్ అన్నారు, అంటే కవచం ఉన్న ఓడ. వర్సాయ్ ఒప్పందం ప్రకారం 10,000 టన్నులు దాటకూడదు, వాళ్లు దాటించి కట్టి పైకి పదివేలే అన్నారు. 28 సెంటీమీటర్ల తుపాకులు ఆరు ఉండేవి, క్రూయిజర్ ఒంటికి అవి చాలా ఎక్కువ. గ్రాఫ్ స్పే మునిగాక మిగిలిన రెండిటినీ 1940లో హెవీ క్రూయిజర్ల లెక్కలోకి మార్చేశారు. ఓడలో ఒక్క రేకు మారకుండా రకం మారింది. ఓడ రకం అంటే కొలిచి చెప్పేది అనుకుంటాం గానీ, చాలాసార్లు అది ఎవరో ఆఫీసులో తేల్చిన మాట.

ఎంవీపీ కుర్రాడు:
ఇంత టెన్షన్ అవసరమా అన్నా? ఓడేదో తెలిస్తే చాలదా. ఎస్ఎస్, ఐఎన్ఎస్, ఎంవీ ఏదైతే ఏంటి, ఎవడు చూస్తాడు.

బీచ్‌రోడ్ బాబ్జీ:
తమ్ముడూ, నువ్వు రాసిన ఆ ఎస్ఎస్సే తీసుకుందాం. మన సింధియా యార్డులో కట్టిన జల ఉష, 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించింది, అది ఎస్ఎస్ జల ఉష. అక్కడ ఎస్ఎస్ అంటే స్టీమ్‌షిప్, ఆవిరితో నడిచే సరుకుల ఓడ. ఇప్పుడు మన తీరం దగ్గర అడుగున పడున్న గాజీ చూడు, అది పాకిస్తాన్‌కి రాకముందు అమెరికా సబ్‌మెరైన్ డయాబ్లో, దాని నంబర్ ఎస్ఎస్-479. ఇక్కడ ఎస్ఎస్ అంటే సబ్‌మెరైన్. ఇది తెలియకపోతే డయాబ్లోని ఆవిరి ఓడ అని రాసేస్తారు, రాసినవాళ్లని నేను చూశాను. ఆ ఎస్ఎస్‌కే అణుశక్తికి ఎన్, బాలిస్టిక్ క్షిపణులకి బి చేర్చితే మన షిప్ బిల్డింగ్ సెంటర్‌లో పుట్టిన అరిహంత్ ఎస్ఎస్‌బీఎన్ అవుతుంది. రష్యా నుంచి లీజుకి వచ్చి 2012లో ఇక్కడ కమిషనైన చక్ర ఎస్ఎస్ఎన్, బి లేదు, బాలిస్టిక్ క్షిపణులు లేవు. ఒక్క అక్షరం తేడా, రెండూ చేసే పనే వేరు.

ఎంవీపీ కుర్రాడు:
ఓకే ఓకే. మరి గాజీ ముందు పీఎన్ఎస్ (పాకిస్తాన్ నేవీ షిప్) ఉంచాలా తీయాలా? అదీ ఇప్పుడు సర్వీసులో లేదుగా.

గాజువాక గురూ:
ఉంచాలి. అది రిటైరవలేదు, కమిషన్‌లో ఉండగా మునిగింది. ఎలా మునిగింది అన్నదాని మీద మనకీ వాళ్లకీ వాదన ఉంది, మనం రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీళ్లలోపల పేలే బాంబులు) అంటాం, వాళ్లు లోపల పేలుడో మైనో అంటారు. పేరు మీద మాత్రం ఎవరికీ వాదన లేదు.

ఉక్కునగరం ఉష:
కురుసుర క్లాసు (ఒకే నమూనాలో కట్టిన ఓడల గుంపు) పేరు కూడా తేల్చండి. కొన్నిచోట్ల ఫాక్స్‌ట్రాట్, కొన్నిచోట్ల కల్వరి క్లాస్.

సింధియా జంక్షన్:
ఫాక్స్‌ట్రాట్ నాటో పెట్టిన పేరు, సోవియట్ సబ్‌మెరైన్లకి వాళ్లు రేడియోలో పలికే అక్షరాల పేర్లు పెట్టేవారు, ఎఫ్‌కి ఫాక్స్‌ట్రాట్. తయారుచేసిన సోవియట్ వాళ్లకది ప్రాజెక్ట్ 641. మన నేవీ వాటిలో మొదట వచ్చిన కల్వరి పేరుతో కల్వరి క్లాస్ అంది, అది 1967 సంగతి. తీరా 2017లో ముంబైలో కట్టిన స్కార్పీన్ సబ్‌మెరైన్‌కి మళ్లీ కల్వరి అనే పేరు పెట్టారు, దాని చెల్లెళ్లూ కల్వరి క్లాసే. కాబట్టి ఏడాది లేకుండా ‘కల్వరి క్లాస్’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నేనైతే మనవాళ్ల పేరు ముందు పెట్టి, పక్కన ఫాక్స్‌ట్రాట్ కూడా రాస్తాను, అందరూ వెతికేది ఆ మాటతోనే.

గాజువాక గురూ:
టన్నుల దగ్గర కూడా జాగ్రత్త బాబ్జీ. పాత బ్రిటిష్ పుస్తకాల్లో టన్ను 1,016 కిలోలు. ‘స్టాండర్డ్’ అని ఉంటే 1922 వాషింగ్టన్ ఒప్పందం లెక్క, అందులో మందుగుండు, తిండి, మంచినీళ్లు అన్నీ కలుస్తాయి, ఇంధనం కలవదు. ‘ఫుల్ లోడ్’ (ఇంధనంతో సహా పూర్తిగా నింపిన బరువు) పక్కన దాన్ని పెట్టి పోల్చకు. సరుకుల ఓడల గ్రాస్ టన్నేజీ అయితే బరువే కాదు, లోపలి చోటు.

మల్కాపురం మావయ్య:
మీరంతా కలిసి మ్యూజియం బోర్డు మీద ఐఎన్ఎస్ చెరిపెయ్యమని మాత్రం అర్జీ పెట్టకండి.

బీచ్‌రోడ్ బాబ్జీ:
పెట్టను మావయ్యా. బోర్డు మీద అది మ్యూజియం పేరు, ఎలా ఉంటే అలాగే రాస్తాను. జాబితాలో మాత్రం ‘కురుసుర, ఎస్20, ఐఎన్ఎస్‌గా 1969–2001’ అని ఉంటుంది. అందులో నీ ఐఎన్ఎస్సూ ఉంది, నా తేదీలూ ఉన్నాయి.

మల్కాపురం మావయ్య:
అది రాజీ కాదు, నువ్వన్నదే రాసుకున్నావు. సర్లే. ఇంకా కమిషన్ కాని ఓడల సంగతేంటి మరి? జలప్రవేశం అయిన రోజునే పేపర్లన్నీ ఐఎన్ఎస్ అని వేసేస్తాయి.

బీచ్‌రోడ్ బాబ్జీ:
అది ఇంకా పెద్ద తప్పు. కమిషన్ అయ్యేదాకా అది యార్డు నంబరుతో ఉన్న కట్టడం. మన ఊరి పేరు పెట్టుకున్న డిస్ట్రాయర్ కూడా 2021 నవంబర్ 21న ముంబైలో కమిషన్ అయ్యేదాకా యార్డ్ 12704. దాన్ని అంతకుముందే ఐఎన్ఎస్ విశాఖపట్నం అని రాసిన పాత పోస్టులు ఇక్కడే బోలెడు ఉన్నాయి, రేపటి నుంచి ఒక్కొక్కటీ సరిచేస్తాను, ఎవరైనా చెయ్యి వేస్తే మంచిది.