పత్తి దర్రీనా, సీసాల దారం దర్రీనా: పర్యావరణ లెక్కలో ఏది నెగ్గుతుంది?

దర్రీల_దుకాణం (హన్మకొండ):
వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలు (జంపఖానాలు) అమ్ముతుంటాను. విదేశాలకు సరుకు పంపే ఒక వ్యాపారి ఫారం ఇచ్చిపోయాడు. చదరపు మీటరు దర్రీకి ఎంత కార్బన్, ఎన్ని నీళ్లు, అన్నీ నింపాలట. పత్తి మానేసి, వాడేసిన పెట్ (ఒక రకం ప్లాస్టిక్) సీసాల నుంచి తీసిన పాలిస్టర్ దారంతో నేయిస్తే ‘గ్రీన్’ ముద్ర వేయించి ధర ఎక్కువిస్తానంటున్నాడు. పత్తి పండే జిల్లాలో కూర్చుని ప్లాస్టిక్ దారమే మేలని నేను రాసివ్వాలా? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

సంగెం_రైతు:
కిలో దూదికి పదివేల లీటర్ల నీళ్లని ఏడ జూసినా అదే ముచ్చట. మా దిక్కు పత్తి శానా మటుకు వాన మీదనే పండుతది. వాన నీళ్లు గూడ మా ఖాతాల రాస్తరా? అదే చెల్కల కంది ఏస్తే ఆ వాన తాగదా?

లెక్కల_సార్:
రైతన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. నీటి లెక్కలో వాన తేమను ‘ఆకుపచ్చ నీరు’ అని, బోరు, కాలువల నీటిని ‘నీలి నీరు’ అని వేరువేరుగా రాస్తారు. రెండూ కలిపేసి ఒకే అంకె చెప్పడం వల్ల వానాధార పత్తికి లేని చెడ్డపేరు వచ్చింది.

కానీ పత్తి కడిగిన ముత్యమేం కాదు, యూరియా ఉంది కదా. ఎకరానికి 8 క్వింటాళ్ల దిగుబడి, 3 బస్తాల యూరియా అనుకుందాం. 45 కిలోల బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు నత్రజని. అందులో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుందని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల అంచనా. ఆక్సిజన్ కలిశాక ఆ నత్రజని బరువు 1.57 రెట్లు అవుతుంది. నూరేళ్ల లెక్కన ఆ వాయువు కిలోకు కిలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గుణించి చూస్తే బస్తాకు 90 కిలోల దాకా, మూడు బస్తాలకు 270 కిలోల కార్బన్‌తో సమానం. యూరియా తయారీకి వాడిన గ్యాసు ఇందులో కలపలేదు.

అసలు తగాదా ఇక్కడి నుంచి. ఆ 8 క్వింటాళ్లు జిన్నింగ్‌కు (గింజ వేరుచేయడానికి) పోతే మూడో వంతు, సుమారు 264 కిలోలు దూది వస్తుంది. మిగతాది దాదాపు అంతా గింజ. అది నూనెకూ, పశువులకు పెట్టే చెక్కకూ పోతుంది. భారమంతా దూది నెత్తిన పెడితే కిలోకు ఒక కిలో కార్బన్. బరువును బట్టి పంచితే 0.34. ధరను బట్టి, ఉదాహరణకు దూది కిలో 150, గింజ 35 అనుకుంటే, 0.7. అదే చేను, అదే పత్తి, మూడు జవాబులు! ఇలాంటి పర్యావరణ లెక్కలు ఎలా వేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14044 దీన్ని నిషేధించదు. వీలైతే పంపకమే లేకుండా చూడు, తప్పకపోతే ఏ పద్ధతో చెప్పు అంటుంది. మీ వ్యాపారి ఫారంలో ఆ గడి ఉందా?

దర్రీల_దుకాణం:
లేదు సార్. అంకె రాయడానికి మాత్రమే జాగా ఉంది.

కొత్తవాడ_మగ్గం:
మాది చేతి మగ్గం. కరెంటు లేదు, పొగ లేదు. వరంగల్ దర్రీకి 2018ల జీఐ (భౌగోళిక) గుర్తింపు గూడ వచ్చింది. మల్ల మమ్మల్ని సర్టిఫికెట్ అడుగుడేంది?

పార్కు_ఇంజనీరు:
అన్నా, జీఐ అనేది ఊరి పేరుకు గుర్తింపు, పొగ లేదనడానికి కాదు. మగ్గానికి కరెంటు లేదు సరే, నూలు మిల్లు నుంచే కదా వచ్చేది. కిలో నూలు వడకడానికి రెండు యూనిట్లే అనుకున్నా, మన దేశపు కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ చొప్పున 1.4 కిలోలు. సార్ చెప్పిన యూరియా లెక్కలో పెద్ద అంకె కంటే ఇదే ఎక్కువ. రామగుండం, భూపాలపల్లి బొగ్గు మీ నూలులోనూ ఉంది.

సీసాల దారం సంగతి చూడండి. గీసుకొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోనే వాడేసిన సీసాల నుంచి పీచు తీసే ప్లాంటు ఉంది. సీసాలు కడిగి, ముక్కలు చేసి, 260 డిగ్రీలు దాటించి కరిగించి పీచు లాగుతారు. కొత్త పాలిస్టర్‌కు కావలసిన ముడి చమురు సరుకు మొత్తం మిగిలింది. అది చిన్న సంగతా?

లెక్కల_సార్:
చిన్నది కాదు. అయితే ఆ లెక్క సీసా చెత్తబుట్టలో పడ్డాకే మొదలవుతుంది. సీసా చేసినప్పటి కార్బన్ అంతా శీతల పానీయం ఖాతాలోకి పోయింది. ఈ పద్ధతి ఒప్పుకున్నదే. కానీ పత్తికి చేను దున్నినప్పటి నుంచి, ప్లాస్టిక్‌కు చెత్తకుప్ప నుంచి కొలిచి పక్కపక్కన పెడితే, గీత ఎక్కడ గీశారో రెంటికీ చెప్పి తీరాలి.

ఇంకొకటి: 2022 ప్లాస్టిక్ నిబంధనలు, 2025-26 నుంచి గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలన్నాయి. సీసా మళ్లీ సీసా అయితే ఇంకోసారి తిరిగి రాగలదు. దర్రీ అయ్యాక అది మళ్లీ కరిగించే చోటికి చేరడం అరుదు.

కాజీపేట_అక్క:
ఎన్నేళ్లు వాడతామో ఎవరూ అడగరేం తమ్ముడూ? మా ఇంట్లో పెండ్లిళ్లకు పరిచే పత్తి దర్రీ నా పెండ్లికి ముందటిది. చదరపు మీటరుకు ఎంత అని కాదు, ఏడాది పరిచినందుకు ఎంత అని కొలవాలి. పాలిస్టర్ ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి పోతాయి, ఆ గడి కార్బన్ లెక్కలో ఉండనే ఉండదు.

పార్కు_ఇంజనీరు:
అక్కా, పాలిస్టర్ కూడా ఏండ్లకేండ్లు చిరగదు, ఆ వాదన రెండువైపులా తెగుతుంది. ఉతుకుడు మాట నిజమే. కానీ రంగు సంగతో? పత్తికి రియాక్టివ్ రంగు పట్టాలంటే ఉప్పు బాగా పోయాలి, ఆ ఉప్పునీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

కొత్తవాడ_మగ్గం:
మోరీలకే. దాచేదేముంది. ఉమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టమని ఎన్నేండ్ల సంది అడుగుతున్నం.

లెక్కల_సార్:
పెట్టినా అందులో కిటుకు ఉంది. చుక్క బయటికి వదలకుండా ఉప్పునీళ్లు మరిగించి ఇగిరించాలంటే ఆవిరి కావాలి, కరెంటు కావాలి. నీటి గడి బాగుపడి కార్బన్ గడి చెడుతుంది. అందుకే ఒక్క అంకె ముద్రల మీద నాకు నమ్మకం లేదు. దుకాణం అన్నా, నా సలహా: పత్తి దర్రీయే పంపండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచారో, గింజకు ఎంత పంచారో, రంగు నీళ్లు ఏమయ్యాయో మాటల్లోనే రాసి అంకె పక్కన అతికించండి. సీసాల దారం పాపమని నేననను, కొత్త పాలిస్టర్ వాడేచోట అదే మేలు. పత్తిని తోసేసి దాన్ని పెట్టడానికి మాత్రం ఈ ఫారం సరిపోదు.

సంగెం_రైతు:
గవన్నీ రాయాల్నంటే యూరియా ఎన్ని బస్తాలు ఏసిన్నో నేను గూడ చిట్టా రాయాలె. రాస్త. క్వింటాకు ఎంత ఎక్కువిస్తరో గదీ ఆ ఫారంల రాయిండ్రి.

దర్రీల_దుకాణం:
ఆ మాటే అడిగానన్నా. కొలత ఖర్చు సరుకు ఇచ్చేవాడిదే అన్నాడు, రైతు మాట ఎత్తితే ఫోన్ పెట్టేశాడు. పత్తి దర్రీలే పంపుతున్నాను, సార్ చెప్పినట్టు ఒక పేజీ జత చేసి. ముద్ర లేకుండా పాత ధరకే.